ల్యాబ్‌లో ప్రయోగాలకి వాడిన కుక్కని ఇంటికి తెచ్చుకోవచ్చా? వైజాగ్‌లో నన్ను అందరూ అడిగే ప్రశ్నలు

పొద్దున్నే ఎంవీపీ కాలనీలో మా జున్నుని తిప్పుతుంటే రోజూ ఎవరో ఒకరు ఆపుతారు. ముందు "బీగిలా అండి, ఎంతకి కొన్నారు" అంటారు, తర్వాత వంగి చెవి నిమురుతుంటే లోపల ఆకుపచ్చ సిరాతో పొడిచిన ల్యాబ్ నంబరు కనబడుతుంది, అప్పుడు మొదలవుద్ది అసలు కథ. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. నేను లాయర్ని కాదు, పశువుల డాక్టర్ని కాదు, బ్యాంకులో పని చేసుకునే మనిషిని, ఈ ఒక్క కుక్క కోసం రెండేళ్ళు కాగితాల చుట్టూ తిరిగాను కాబట్టి తెలిసిన సంగతులు ఇవి.

అసలు ప్రయోగాలకి వాడిన కుక్కని ఇంట్లో పెట్టుకోవడం లీగలేనా?

లీగలే. వద్దని ఎక్కడా లేదు. పైగా మన రూల్సే ప్రయోగం అయిపోయాక ఆ జంతువు బాగోగులు ప్రయోగం చేసినవాళ్ళే చూడాలి అంటున్నాయి. కాకపోతే వాళ్ళు చూడాలి అన్నారు గానీ మీకు ఇవ్వాలి అని అనలేదు, మీరు వెళ్ళి "నా కుక్క నాకివ్వండి" అని గట్టిగా అడగడానికి ఏ సెక్షనూ లేదు. నా రెండేళ్ళూ ఈ సందులోనే పోయాయి.

ఇండియాలో దీనికి చట్టం అంటూ ఉందా లేదా, సూటిగా చెప్పండి

దత్తత కోసమే రాసిన చట్టం లేదు. ఉన్నది 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం. అందులో 14 నుంచి 20 దాకా సెక్షన్లు మొత్తం ప్రయోగాల గురించే. 14వ సెక్షన్ ప్రయోగాలు చెయ్యడం తప్పు కాదంటుంది, 15వది వాటి మీద కన్నేసి ఉంచడానికి కేంద్రం ఒక కమిటీ వెయ్యొచ్చంటుంది. ఆ కమిటీనే చాలాకాలం సీపీసీఎస్ఈఏ అనేవాళ్ళు, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు, ఢిల్లీలో కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద ఉంటుంది. 17వ సెక్షన్ మాత్రం ఓపిగ్గా చదవండి, బాగుంటుంది. చిన్న జంతువుతో పనైపోతే పెద్దదాన్ని వాడొద్దు, చెయ్యి తిరగడం కోసం ఊరికే కొయ్యొద్దు, ప్రయోగానికి ముందే కాదు తర్వాత కూడా సరిగ్గా చూసుకోవాలి అని ఉంటుంది. ఆ "తర్వాత కూడా" అన్న రెండు ముక్కలే మనకి ఆధారం.

ఆ రెండు ముక్కల్ని పట్టుకుని 1998లో రూల్స్ వచ్చాయి, 2001లో ఒకసారి 2006లో ఇంకోసారి సవరించారు. 2006 సవరణ మనకి ముఖ్యం. ప్రయోగం తర్వాత సంరక్షణ, పునరావాసం బాధ్యత పరిశోధకుడిదే అని, దానికయ్యే ఖర్చు కూడా పరిశోధన ఖర్చులోనే కలిపి లెక్కెయ్యాలని అందులో రాశారు. ఇంకో మాట కూడా ఉంది, జంతువుకి నొప్పీ బాధా తెలిసే స్థాయి ఎంత ఎక్కువైతే దాని కోసం తీసి పెట్టే డబ్బు అంత ఎక్కువుండాలంట. అంటే ఎలుక కంటే కుక్కకి ఎక్కువ పెట్టాలి. ఇది ఎవరు రాశారో గానీ చదివినప్పుడు దణ్ణం పెట్టాలనిపించింది.

చంపడం గురించి కూడా ఉంది. ఇష్టం వచ్చినట్టు ఇంజెక్షన్ ఇచ్చి పంపేయకూడదు. కదల్లేని స్థితికి వచ్చేస్తే, చుట్టూ ఏం జరుగుతుందో తెలియని స్థితి అయితే, తగ్గని నొప్పి పదే పదే వస్తుంటే, లేదా బతికుంటే మనుషులకో వేరే జంతువులకో ప్రాణం మీదకి వస్తుందంటే, అలాంటప్పుడే.

మరి అంత మంచి రూల్ ఉంటే కుక్కలన్నీ బయటికి రావాలి కదా, ఎందుకు రావట్లేదు?

ఇది నేనూ అడిగాను, మొదట కోపంగా అడిగాను. తర్వాత హైదరాబాద్‌లో ఈ ఫీల్డులో పని చేసిన ఒకాయన కూర్చోబెట్టి చెప్పాక అర్థమైంది.

కొత్త మందు మనుషుల దాకా రావాలంటే మామూలుగా ముందు రెండు రకాల జంతువుల్లో విషప్రభావం చూస్తారు, ఒకటి ఎలుక జాతి, ఇంకోటి ఎలుక జాతి కానిది, ఆ రెండోది చాలాసార్లు కుక్క. ఈ పరీక్షలో రోజూ మందు ఇచ్చి చివర్లో లివరు, కిడ్నీ, గుండె అన్నీ తీసి మైక్రోస్కోప్ కింద చూడాలి. అంటే ఆ కుక్క చావడం అనేది ప్రయోగంలోనే ఒక భాగం, చివర్లో ఎవరో కర్కశంగా తీసుకున్న నిర్ణయం కాదు. మందు అసలు ఇవ్వకుండా పోల్చి చూడ్డానికి పెట్టిన కుక్కల్ని కూడా చంపుతారు, ఎందుకంటే వాటి లివరు కూడా పక్కన పెట్టి చూడాలి కదా. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

బతికి బయటపడేవి ఎక్కువగా ఇంకో రకం స్టడీలవి, మాత్ర మింగించాక మందు రక్తంలో ఎంతసేపు ఉంటుందో చూసేవి. గంటకోసారి రెండు గంటలకోసారి కొంచెం రక్తం తీస్తారు, కొన్నాళ్ళు రెస్ట్ ఇస్తారు, మళ్ళీ ఇంకో మందు. అదే కుక్క ఏళ్ళ తరబడి ఇలా సాగుతుంది. జున్ను అలాంటిదే. ముందు కాళ్ళ మీద వెంట్రుకలు ఇప్పటికీ సరిగ్గా రావు, సూదుల కోసం గీసి గీసి.

కాబట్టి ఎవరైనా ల్యాబ్ వాళ్ళని అడిగితే "మీ దగ్గర కుక్కలున్నాయా" అని అడక్కండి, "బతికుండే స్టడీలు ఏమైనా ముగుస్తున్నాయా" అని అడగండి, అప్పుడే జవాబు చెప్పేవాళ్ళు ముందుకొస్తారు.

అమెరికాలో బీగిల్ చట్టాలు అని వింటున్నాం, అవేంటి?

అక్కడ ఒక్కో రాష్ట్రం ఒక్కో చట్టం చేసుకుంటుంది. మొదట చేసింది మిన్నెసోటా, 2014లో. ప్రజల డబ్బుతో నడిచే విద్యాసంస్థల ల్యాబుల్లో కుక్కలు, పిల్లుల మీద ప్రయోగం అయ్యాక అవి ఆరోగ్యంగా ఉంటే చంపే ముందు దత్తత ఇప్పించే సంస్థలకి ఇవ్వజూపాలి అన్నది దాని సారాంశం. మొదట ఒక ఏడాదికే పెట్టారు, మరుసటి ఏడాది పర్మినెంట్ చేశారు. 2015లో కాలిఫోర్నియా, నెవాడా, కనెక్టికట్, 2016లో న్యూయార్క్, అలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

తేడా ఎక్కడంటే మన రూల్ "పునరావాసం మీ బాధ్యత" అని ఊరుకుంది, వాళ్ళ చట్టం "చంపే ముందు ఫలానా వాళ్ళకి ఇవ్వజూపండి" అని పని చెప్పింది. ఒకటి నీతి, ఇంకోటి పని. కానీ మనవాళ్ళు వాట్సాప్‌లో తిప్పుతున్నట్టు అక్కడంతా స్వర్గమేమీ కాదు, ఈ చట్టాలు ఎక్కువగా కుక్కలకి పిల్లులకే, అక్కడి 1966 నాటి జంతు సంక్షేమ చట్టమైతే ల్యాబ్ కోసం పెంచిన ఎలుకల్ని జంతువులుగానే లెక్కెయ్యదు. ఈ విషయంలో మన 1960 చట్టమే నయం, మనిషి కాని ప్రాణి ఏదైనా జంతువే అంటుంది.

2022లో వర్జీనియాలో ఎన్విగో అనే కంపెనీ బ్రీడింగ్ కేంద్రం నుంచి దాదాపు 4,000 బీగిల్స్‌ని కోర్టు ఉత్తర్వుతో బయటికి తెచ్చి దేశమంతా ఇళ్ళకి పంపారు, 2024లో ఆ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. వీడియోలు చూసే ఉంటారు. కానీ గుర్తుంచుకోండి, అవి ప్రయోగాలకి వెళ్ళాల్సిన కుక్కలు, వెళ్ళొచ్చినవి కాదు.

యూరప్‌లో?

2010లో వచ్చిన ఈయూ డైరెక్టివ్‌లో 19వ ఆర్టికల్ ఉంది. జంతువు ఆరోగ్యం బాగుండి, జనానికి ప్రమాదం లేకపోతే ఇళ్ళకి ఇవ్వడానికి సభ్యదేశాలు అనుమతించొచ్చు అంటుంది. ఇవ్వొచ్చు అంతే, ఇవ్వాలి అని కాదు.

ఇండియాలో ఇలా పెద్ద సంఖ్యలో ఎప్పుడైనా వచ్చాయా?

వచ్చాయి. 2016లో బెంగళూరులో ఒకే ల్యాబ్ నుంచి 150కి పైగా బీగిల్స్ బయటికొచ్చి ఇళ్ళకి వెళ్ళాయి. అప్పుడే చాలామందికి ఇలాంటిది ఒకటుందని తెలిసింది, నాకూ అప్పుడే తెలిసింది.

వైజాగ్‌లో దొరుకుతాయా? పరవాడ ఫార్మా సిటీకి వెళ్ళి అడగనా?

వద్దండి, నేను వెళ్ళాను, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "ఏటి బాబూ, కుక్కలేటి, ఇక్కడ మందులు చేస్తారు" అని నవ్వాడు. ఆయన చెప్పింది కరెక్టే. ఫార్మా సిటీలో ఉన్నవి ఎక్కువగా బల్క్ డ్రగ్ తయారీ యూనిట్లు, రసాయనాలు కలిపి మందు ముడిసరుకు చేసే చోట కుక్కలెందుకుంటాయి. జంతువుల మీద పరీక్షలు చేసే ల్యాబులు వేరు. మన ఊళ్ళో ఫార్మసీ కాలేజీల్లో ఉండేవి ఎక్కువగా ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్ళు, గినీ పందులు.

కుక్క కావాలంటే హైదరాబాద్, బెంగళూరు వైపు చూడాల్సిందే, అదీ నేరుగా ల్యాబ్‌కి కాదు, ఇలా వచ్చినవాటిని ఇళ్ళకి పంపే సంస్థల ద్వారా. ఒక ల్యాబ్‌కి నేను నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు, సంస్థ ద్వారా వెళ్తే ఏడు నెలల్లో ఫోను వచ్చింది.

వాళ్ళు ఏం అడుగుతారు?

చాలా. సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం, ఇంట్లో అందరూ ఇష్టపడ్డారా, పగలు ఎవరుంటారు, ఇదివరకు కుక్కని పెంచారా, పెంచితే అది ఎలా చనిపోయింది. చివరి ప్రశ్నకి నేను ఏడ్చేశాను అనుకోండి. వీడియో కాల్‌లో బాల్కనీ గ్రిల్ సందులు ఎంతున్నాయో స్కేలు పెట్టి చూపించమన్నారు. ముందు విసుగేసింది గానీ ఇంతలా అడిగేవాళ్ళ దగ్గర నుంచే తెచ్చుకోండి, ఏమీ అడక్కుండా ఇచ్చేవాళ్ళని నమ్మకండి.

కాగితాల్లో దత్తత ఒప్పందం, టీకాల కార్డు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన సర్టిఫికెట్, డాక్టరు హెల్త్ రిపోర్ట్ ఉండాలి. ఏ మందు ఇచ్చారో మాత్రం చెప్పరు, అది కంపెనీ రహస్యం. నాకు ఇప్పటికీ తెలీదు.

రోగాలు అంటుకోవా? పిల్లలున్న ఇల్లు

ఈ ప్రశ్న అడిగినవాళ్ళే వీధి కుక్కకి బిస్కెట్ పెట్టి చెయ్యి కడుక్కోకుండా వెళ్ళిపోతారు. ల్యాబ్ కుక్క మామూలు కుక్క కంటే శుభ్రంగా పెరుగుతుంది, ఎందుకంటే దానికి పురుగు గానీ జ్వరం గానీ ఉంటే వాళ్ళ లెక్కలే తప్పిపోతాయి. అంటురోగాల మీద ప్రయోగం చేసినవాటిని ఎలాగూ బయటికి వదలరు.

ప్రమాదం అటు నుంచి కాదు ఇటు నుంచి. పుట్టినప్పటి నుంచి ఏసీ గదిలో పెరిగిన కుక్కకి మన ఊరి పిడుదులు తెలీవు. జున్ను వచ్చిన మూడో నెలలోనే టిక్ ఫీవర్, ప్లేట్‌లెట్లు పడిపోయి వారం రోజులు సెలైన్. కాబట్టి తెచ్చిన రోజే పిడుదులకి మందు మొదలెట్టండి, వర్షాకాలం ముందు లెప్టో (ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు) టీకా గురించి ఒకసారి డాక్టర్ని అడగండి, రేబిస్ టీకా ఎలాగూ ఏటా తప్పదు.

ఎందుకు బీగిలే వాడతారు?

మంచిది కాబట్టి. పది పన్నెండు కిలోలకి మించదు, చిన్న గదిలో పడుతుంది, నలుగురితో కలిసి ఉంటుంది, సూది గుచ్చినా కరవదు, గుచ్చిన చేతినే నాకుతుంది. ఇంకేం రాయను దీని గురించి.

మొదటి రోజులు ఎలా ఉంటాయి?

హైదరాబాద్ నుంచి కారులో తెచ్చాం. రైల్లో తేవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చెయ్యాలి, లేదంటే గార్డు బోగీలో డబ్బాలో వెయ్యాలి, అంతకాలం బోనులో ఉన్నదాన్ని మళ్ళీ డబ్బాలో వెయ్యడానికి మనసొప్పలేదు. తుని దాటాక ఒక ధాబా పక్కన ఆపి గడ్డిలో దింపాం. దిగలేదు. నాలుగు కాళ్ళూ బిగబట్టి, ఒక్కో పాదం ఎత్తి చూసుకుంటా నిలబడిపోయింది, కింద ఉన్నదేంటో దానికి తెలీదు. నాలుగేళ్ళ వయసు, మట్టి తొక్కడం అదే మొదటిసారి. ధాబా కుర్రాడు టీ గ్లాసులు పట్టుకుని అలాగే చూస్తా ఉండిపోయాడు.

ఇంట్లో మెట్లు ఎక్కదు, మెట్లు అనేవి చూడలేదు. అద్దంలో తనని చూసి బెదిరిపోయింది. పెరుగన్నం పెడితే వాసన చూసి పక్కకెళ్ళిపోయింది, గట్టి గుళికలు తప్ప తిండి ఇంకోలా ఉంటుందని తెలీదు దానికి, పదకొండో రోజు రాత్రి మా అమ్మ కంచంలోంచి ఇడ్లీ ముక్క తీసుకుంది, ఇప్పుడు కుక్కర్ విజిల్‌కి ముందే వంటింటి గుమ్మంలో ఉంటుంది. ఉన్నచోటే పోసేది, బోనులో అంతే కదా మరి, తిట్టకండి, రెండు నెలలు గుడ్డ పట్టుకుని తిరగడానికి సిద్ధపడండి. మొరగలేదు కూడా, ఐదు నెలలు. కింద ఇంటి మామ్మగారు "ఇదేటమ్మా, కుక్కేనా ఇది, మొరగదేటి" అనేవారు. ఒకరోజు గ్యాస్ సిలిండర్ అబ్బాయి వస్తే మొరిగింది, తన గొంతు తనే విని ఉలిక్కిపడి మంచం కిందకి దూరింది. మేమందరం చప్పట్లు కొట్టాం, ఆ అబ్బాయికి ఏం అర్థం కాలేదు పాపం.

బయటికి తీసుకెళ్ళేటప్పుడు మెడ పట్టీ ఒక్కటీ చాలదు, ఛాతీకి కట్టే హార్నెస్ కూడా వేసి రెండు తాళ్ళు పట్టుకోండి. బెదిరి వెనక్కి లాగిందంటే తల జారి పట్టీ మీ చేతిలో ఉండిపోతుంది. ఇవి పారిపోతే ఇంటికి తిరిగి రావడం తెలీని కుక్కలు, పిలిస్తే రావాలని కూడా తెలీదు.

వైజాగ్ వాతావరణానికి తట్టుకుంటుందా?

ఎండ కంటే ఉక్క ఇబ్బంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున్న ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత తప్ప బయటికి వద్దు. బీచ్‌కి మొదటి ఏడాది తీసుకెళ్ళకండి, అలల చప్పుడుకి మావాడు, అదే మా జున్ను, నా భుజం ఎక్కేసింది. దీపావళి సంగతి అందరికీ తెలుసు, మన ఊళ్ళో ఇంకోటుంది, డిసెంబర్ 4 నేవీ డే. ఆ విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాది రిహార్సల్స్‌కి జెట్లు నెత్తి మీద నుంచి పోతుంటాయి. ఆ రోజుల్లో బాత్రూమ్‌లో ఫ్యాన్ పెట్టి, పాత చీర పరిచి ఉంచుతాం.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు కుదరదంటున్నారు

కుక్కని పెంచకూడదు అని రూల్ పెట్టే అధికారం అసోసియేషన్‌కి లేదు, జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ప్రింటు తీసి మర్యాదగా ఇవ్వండి. లిఫ్ట్ వాడొద్దనడానికి కూడా లేదు. కానీ జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) లైసెన్సు, టీకా కార్డు మీ దగ్గర పక్కాగా ఉండాలి, కుక్క ఎక్కడైనా పాడు చేస్తే మీరే ఎత్తి శుభ్రం చెయ్యాలి, ఈ రెండూ చేస్తే సగం గొడవ ఉండదు.

కుందేళ్ళు, ఎలుకలు, కోతులు కూడా ఇస్తారా?

కుందేళ్ళు, గినీ పందులు ఇవ్వొచ్చు, బాగానే బతుకుతాయి, అడిగేవాళ్ళే లేరు. ఎలుకలు కోట్లల్లో వాడతారు ప్రపంచంలో, ఎక్కువ వాటిని చివర్లో కోసి చూస్తారు, జన్యువులు మార్చినవాటిని అసలు బయటికి పంపకూడదు. కోతులు ఇంట్లో పెట్టుకునేవి కావు, అడక్కండి. గుర్రాల సంగతి చాలామందికి తెలీదు, పాము కాటుకి ఇచ్చే మందు గుర్రం రక్తం నుంచే వస్తుంది, కొద్దికొద్దిగా విషం ఎక్కించి రక్తం తీస్తారు, ముసలివైపోయాక వాటికీ చోటు కావాలి, గుర్రాన్ని ఫ్లాట్‌లో పెట్టలేం కాబట్టి మన మధ్య వాటి మాటే రాదు.

రూల్ పాటించకపోతే శిక్ష ఏంటి?

కూర్చుని చదవండి. కమిటీ ఉత్తర్వు ఉల్లంఘిస్తే 20వ సెక్షన్ కింద జరిమానా 200 రూపాయల దాకా. లక్షలు కాదు, రెండు వందలు. బీచ్ రోడ్డులో ఇద్దరు టిఫిన్ చేస్తే అయ్యే బిల్లు. 19వ సెక్షన్ కింద ఆ సంస్థని ప్రయోగాలే చెయ్యకుండా ఆపొచ్చు, భయం ఏమైనా ఉంటే అదొక్కటే. 2022 నవంబర్‌లో శిక్షలు పెంచుతూ సవరణ బిల్లు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు, నేనూ రాసి పంపాను. నేను అడిగింది ఒక్కటే, బతికున్న ప్రతి కుక్కా ఎటు పోయిందో ల్యాబ్ ఏటా లెక్క చెప్పాలి, ఆ లెక్క జనం చూసేలా పెట్టాలి. జరిమానా పెంచకపోయినా పర్లేదు, లెక్క బయటికొస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది.

అప్పటిదాకా గవర్నమెంట్ సంస్థలైతే పది రూపాయల ఆర్టీఐ పెట్టి అడగొచ్చు. "ఎన్ని కుక్కలు, ఎన్ని పునరావాసానికి, ఎవరికి ఇచ్చారు" అని మూడే ముక్కలు అడగండి, పెద్ద వ్యాసం రాస్తే తప్పించుకుంటారు. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక కమిటీ ఒకటుంటుంది, అందులో సీసీఎస్ఈఏ పంపిన నామినీ, సైన్సుకి సంబంధం లేని ఒక బయటి మనిషి కూడా ఉండాలి, ఆ మీటింగ్ మినిట్స్ అడిగితే ఇంకా మంచిది.

ల్యాబ్ వాళ్ళంతా రాక్షసులేనా?

కాదు. జున్నుని అప్పగించిన రోజు అక్కడ దాన్ని చూసుకునే ఆయన, యాభై ఏళ్ళుంటాయి, ఒక పాత తువ్వాలు కూడా ఇచ్చాడు, దీని వాసన ఉంటే రాత్రి పడుకుంటుందమ్మా అని. ఆ తువ్వాలు లేకపోతే మొదటి వారం గడిచేది కాదు.

ఓఎల్ఎక్స్‌లో ఎవరో "ల్యాబ్ రెస్క్యూ బీగిల్, 15 వేలు" అని పెట్టారు, తీసుకోనా?

వద్దు. దత్తతకి అమ్మకం ధర ఉండదు, ఆపరేషన్ ఖర్చో టీకా ఖర్చో అడిగితే రసీదు ఇస్తారు. చెవిలో నంబరు చూపించి నమ్మించాలని చూస్తారు, నంబరు ఎవరైనా పొడిపించొచ్చు. ఏ సంస్థ ద్వారా వచ్చింది, దత్తత ఒప్పందం ఎవరి పేరు మీద ఉంది అని అడగండి. ఆ కాగితం లేకపోతే అది ఎవరో బ్రీడరు దగ్గర మిగిలిపోయిన కుక్క, లేదా ఎవరింట్లోంచో ఎత్తుకొచ్చింది, రెండో అనుమానం వస్తే ఫోటో తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి.